నెల్లూరు సర్వీసుకు రెండున్నర గంటలు

పదేళ్ల కిందట, కోడూరు తోటల్లో మామిడి కోతలు మొదలైన వారంలో, రాజంపేట నుంచి నెల్లూరుకు కొత్త పగటి సర్వీసు వేయమని మా డిపోకు ఉత్తర్వు వచ్చింది. అప్పుడు నేను ఆ వైపు ఒక డిపోలో ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్‌ని. ఆసుపత్రులకు, నిమ్మకాయల బేరానికి, సముద్రం గాలికి కూడా మా వైపు జనం నెల్లూరే పోతారు. మధ్యలో రాపూరు ఘాట్ దాటాలి. ఆ సర్వీసుకు రన్నింగ్ టైమ్ నిర్ణయించే పని నాకు అప్పగించారు.

రన్నింగ్ టైమ్ అంటే బస్సు గమ్యం చేరడానికి సంస్థ ఇచ్చే గడువు. అది దాటితే డ్రైవర్ సంజాయిషీ రాయాలి. గడువు తేల్చడానికి ముందుగా ట్రయల్ రన్ చేస్తారు. ఖాళీ బస్సే అయినా ప్రతి స్టాపులోనూ ఆపి, మనుషులు ఎక్కి దిగేంత సేపు నిలబెట్టి, టైము రాసుకోవాలి. ఘాట్‌లో నిండు బస్సు ఎంత నెమ్మదిగా ఎక్కుతుందో అంచనా వేసి ఆ నిమిషాలూ కలపాలి.

నెల కిందట నేను స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. వీడ్కోలు సభలో ఒక మిత్రుడు, నెల్లూరు సర్వీసును గాడిలో పెట్టింది నేనేనని పొగిడాడు. దండ మెడలో ఉండగా కాదనలేకపోయాను. ఇప్పుడు కాదంటున్నాను.

ట్రయల్‌కు డ్రైవర్‌గా దేవదానం వచ్చాడు. నాకంటే ఆరేళ్లు పెద్ద. ఇరవై ఏళ్లుగా నైట్ అవుట్ బస్సులే నడిపాడు. అంటే చివరి పల్లెకు పోయి రాత్రి బస్సులోనే పడుకుని, తెల్లారి తిరిగొచ్చే డ్యూటీ. కొత్త నెల్లూరు సర్వీసు సాయంత్రం అయిదుకల్లా తిరిగి వస్తుంది. సీనియారిటీ ప్రకారం అది అతనికే దక్కాలి. "ఇంట్లో వేడన్నం తిని శానా కాలమాయ సార్," అన్నాడు బండి ఎక్కుతూ.

ఎనిమిదికి బయల్దేరాల్సింది, డీజిల్ దగ్గర ఆలస్యమై పదిన్నర అయింది. నెల్లూరులో మా చెల్లెలి ఇంట్లో ఒంటిగంటకు భోజనం. బొమ్మిడాయిల పులుసు. చిట్వేలు దాటేలోపు బామ్మర్ది రెండుసార్లు ఫోన్ చేశాడు.

"ఏమప్పా దేవదానం, స్టాపులన్నీ ఆపితే యాలకు చేరతామా?"

"ఆపకుంటే లెక్క యాడిది సార్?"

"ఆ నిమిషాలు నేను కూడి రాసుకుంటాలే. నువ్వు పోనీ."

అతను పోనిచ్చాడు. ఒంటిగంటకు నెల్లూరులో ఉన్నాం. మా చెల్లెలు దేవదానానికి నాకంటే రెండు ముక్కలు ఎక్కువ వేసింది. భోజనం చేసి, వరండాలో కూర్చుని రిపోర్టు రాశాను. రన్నింగ్ టైమ్ రెండున్నర గంటలు. అన్ని స్టాపుల్లో ఆగినట్టే చూపాను, స్టాపుల నిమిషాలు మాత్రం కలపలేదు. మరిచిపోలేదు. కలిపితే ట్రయల్ సరిగా చేయలేదని బయటపడుతుందని కలపలేదు.

సర్వీసు మొదలైంది, దేవదానమే డ్రైవర్. మొదటి రోజు ముప్పై అయిదు నిమిషాలు ఆలస్యం. రెండో రోజు నలభై. లాగ్ షీట్లు నా బల్ల మీదకే వచ్చేవి, మెమోలు నా సంతకంతోనే పోయేవి. అయిదో మెమోకు అతని సంజాయిషీ ఒకటే వాక్యం: "బస్సులో జనం ఉన్నారు."

డిపో మేనేజర్ కొత్తగా వచ్చిన మనిషి, కాగితం కంటే కళ్లను నమ్మేవాడు. ఒక సోమవారం మామూలు చొక్కా వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆ బస్సెక్కాడు. పద్దెనిమిది స్టాపులున్న దారిలో బస్సు ముప్పై ఒక్కసార్లు ఆగింది. చిట్వేలులో ఒక అవ్వ జామకాయల గంప లోపల పెట్టి, మెట్టు మీద అడ్డంగా నిలబడింది.

"రవ్వంత ఆపు నాయనా. మా కోడలు నీళ్లసీసా మర్చిపోయి మళ్లీ ఇంటికి పోయినాది. వస్తాంది."

"యాడుందవ్వా మీ ఇల్లు?" అన్నాడు దేవదానం.

"ఈడే. చర్చి ఎనక."

చర్చి కనుచూపు మేరలో లేదు. మేనేజర్ వాచీ చూశాడు. మళ్లీ చూశాడు. అవ్వ అతన్ని ఎగాదిగా చూసింది.

"ఏమప్పా, ఊరికే గడియారం చూసుకుంటాండావు. నెల్లూర్లో పిల్లనిస్తామని చెప్పినారా?"

బస్సంతా నవ్వింది. మేనేజర్ కూడా నవ్వి, వాచీని చొక్కా చేతి కిందకు తోసేశాడు. అవ్వ అతనికి ఒక జామకాయ ఇచ్చింది. ఘాట్‌లో నిండు బస్సు మూలుగుతూ ఎక్కింది. నెల్లూరు చేరేసరికి మూడు గంటల పది నిమిషాలు.

మరుసటి రోజు మేనేజర్ మమ్మల్నిద్దరినీ గదిలోకి పిలిచాడు. గడువు తప్పు, మెమోలు రద్దు అన్నాడు. దేవదానం ముఖం విప్పారింది. అంతటితో అయిపోయి ఉంటే నేనిది రాసేవాణ్ణి కాదు. మేనేజర్ ట్రయల్ రిపోర్టు తిరగేస్తూ ఆగాడు. స్టాపుల్లో ఆగుతూ పోతే రెండున్నర గంటలు ఎలా వచ్చాయి, అలా రావాలంటే ఘాట్‌లో ఎంత వేగంగా పోయి ఉండాలి అని అడిగాడు.

దేవదానం నా వైపు చూశాడు. చెప్పాల్సింది నేనన్నట్టు చూశాడు. తర్వాత మెల్లగా, "ఖాళీ బండి సార్, పోయింది," అన్నాడు. మేనేజర్ నా అభిప్రాయం అడిగాడు. డ్రైవర్ కొంచెం దూకుడుగా నడిపినట్టున్నాడని, నేను రాసుకుంటూ గమనించలేదని చెప్పాను.

ఘాట్‌లో వేగం మా డిపోలో ఆలస్యం కంటే పెద్ద తప్పు. దేవదానాన్ని ఆరు నెలలు ఘాట్ డ్యూటీ నుంచి తప్పించి, మళ్లీ నైట్ అవుట్‌కు పంపారు. గడువును మూడుంబావు గంటలుగా సవరించే నోట్ నేనే రాశాను. సవరణ బాగుందని నాకు ప్రశంసాపత్రం వచ్చింది. ఆరు నెలలు గడిచేసరికి నెల్లూరు డ్యూటీలో మరొకరు కుదురుకున్నారు. అది దేవదానానికి మళ్లీ రావడానికి రెండేళ్లు పట్టింది.

వీడ్కోలు సభ అయిన వారానికి అతని ఇంటికి పోయాను. రిటైరై నాలుగేళ్లయింది. పెరట్లో చిక్కుడు తీగకు పందిరి వేస్తున్నాడు. జరిగింది రాస్తానని చెప్పాను. పురికొస ముడి వేయడం ఆపలేదు.

"రాయండి సార్. ఆ పొద్దు మీరు చెప్తారని చూసినా. ఘాట్‌లో ఎదురొచ్చే లారీ గూడా దారిస్తాదనే అనుకుంటాం. ఇయ్యకుంటే మనమే పక్కకు తీస్తాం."

"కోపం రాలేదా?"

"ఎందుకు రాదు? రెండు పండగలు పల్లెల్లో బస్సులోనే చేసుకున్నా. మిమ్మల్ని తిట్టినన్ని తిట్లు మా రేడియేటర్‌ను గూడా తిట్టలే." అతని భార్య లోపల్నుంచి, "నిజమే సార్, నేను విన్నా," అంది. ముగ్గురం నవ్వాం. టీ తాగాను. క్షమించానని అతను అనలేదు, నేనూ అడగలేదు. ప్రశంసాపత్రం నకలు, ఈ వివరణతో కలిపి, డిపోకు రిజిస్టర్ పోస్టులో పంపాను.

ఉద్యోగంలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని చెబుతున్నాను. ట్రయల్ రన్ చేసిన రోజున ఎన్ని స్టాపుల్లో ఆపారో, బయల్దేరడం ఎందుకు ఆలస్యమైందో రిపోర్టులోనే రాయాలి. బస్సు ఆలస్యం మీదో, వేగం మీదో విచారణ జరిగితే, గడువు నిర్ణయించిన మనిషిని డ్రైవర్ కంటే ముందు ప్రశ్నించాలి. ఆ రోజు దేవదానాన్ని ప్రశ్నించారు. నన్ను అభిప్రాయం అడిగారు.