అన్న గుచ్చి చూసిన పసుపు కొమ్ము

మా అన్న వారం కింద తెల్లవారుజామున పోయాడు. నిద్రలోనే పోయాడు, ముఖం మీద నొప్పి జాడ లేదు. అన్న చావు గురించి రాస్తూ ఈ ముసలాయన ఇంత గర్వపడుతున్నాడేమిటని మీరు అనుకోవచ్చు. అనుకోండి. ఎముకల్లోకి పాకిన క్యాన్సర్ నొప్పిని అణిచింది నా చిన్నబిడ్డ. జిల్లా దవాఖానలో నర్సు.

ఆర్మూర్ చుట్టుపక్కల అన్నలాంటి పసుపు రైతు లేడు, ఇది నా మాట. ఉడుకుతున్న కొమ్ములో చీపురుపుల్ల గుచ్చి, అది దిగిన తీరును బట్టి "జర మంట పెట్టుర్రి" అనేవాడు. ఇక దానికి తిరుగులేదు. జబ్బు నడుముకు, తుంటికి పాకాక మంచం మీద పక్కకు తిరగడమే గగనమైంది. అయినా ఒకటే కోరిక.

"ఈ యేడు గూడ ఉడకబెట్టేకాడ నేనే కూసోవాలె తమ్మీ."

డాక్టరు ఇచ్చిన నొప్పి మాత్రలు వేళకు వేసుకోవాలి. అన్నేమో పళ్లు బిగబట్టి పడుకునేవాడు. ఒకరోజు పక్క దులుపుతుంటే నా బిడ్డకు దిండు కింద చిన్న మూట దొరికింది. విప్పితే అన్నీ మాత్రలే.

"ఇవేంది పెద్దబాపూ?"

"నొప్పి ఇంకా పెరుగుతదంట గద బిడ్డా. గప్పటికని దాస్తున్న."

పసుపును రేటు వచ్చేదాకా గదిలో ఆపుకోవడం మా ఇళ్లలో అందరికీ అలవాటే. నా బిడ్డకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది.

"రేటొచ్చేదాకా ఆపనీకి గిదేమన్న పసుపా? నొప్పి ముదిరినంక దించుడు కష్టం. రాకముందే ఏసుకోవాలె."

"అలవాటైతే?"

"గా ఫికర్ డాక్టర్‌కు ఇడిసిపెట్టు. చాయ్ లేంది కండ్లు తెర్వవు, దానికి రాని భయం దీనికెందుకొచ్చింది?"

అన్న నవ్వి నోరు తెరిచాడు. ఆ తరువాత బిడ్డ ఒక్క వేళ తప్పనివ్వలేదు. డాక్టరుతో మాట్లాడి మోతాదు సరిచేయించింది, మలబద్ధకం రాకుండా ఇంకో మందు ఇప్పించింది, తుంటికి కరెంటు, అదే రేడియేషన్, పెట్టించింది. మెల్లగా అన్న పక్కకు తిరిగాడు, లేచి కూర్చున్నాడు.

పసుపు ఉడకబెట్టే రోజు కుర్చీ వేయించుకున్నాడు. ఆవిరి ముఖానికి కొడుతుంటే పుల్ల గుచ్చి, "అయింది, దించుర్రి" అన్నాడు. చూడవచ్చిన వాళ్లందరికీ ఒకటే చెప్పాడు: "నొప్పిని దాసుకోకుర్రి. మా బిడ్డనడుగుర్రి." తమ్ముని బిడ్డ అనలేదు, మా బిడ్డ అన్నాడు. నాకు అదొక్కటి చాలు.

ఆ పసుపు ఇప్పుడు కళ్లంలో ఎండుతోంది. నిన్న తిరగేస్తుంటే అన్న గుచ్చిన కొమ్ము చేతికి తగిలింది. గట్టిపడినా పుల్ల దిగిన చిల్లు అలాగే ఉంది. డ్యూటీ నుంచి వచ్చిన బిడ్డ చేతిలో పెట్టాను. తెల్లకోటు జేబులో వేసుకుంది. ఈ పొద్దున చూస్తే జేబుకు పసుపు మరక. కోటు మార్చుకోకుండా అట్లాగే బస్సెక్కింది.