కమ్మలు తీసి పెట్టుకున్న హెడ్‌ఫోన్లు

తెనాలిలో నేను పనిచేసే శుభలేఖల ప్రెస్సులో పెళ్ళిళ్ళ సీజను మొదలైందంటే చెవులకు దిక్కుండదు. ఒకటే హాలు. ఒక పక్క ఆఫ్‌సెట్ మిషను, ఇంకో పక్క ఫ్లెక్సీలు వేసే మిషను, మధ్యలో నేనూ నా కంప్యూటరూ. నా కుర్చీ చుట్టూ ఒక్కోసారి మూడు పెళ్ళిళ్ళవాళ్ళు చేరతారు. ఒకరు వినాయకుడి బొమ్మ పెద్దది చేయమంటారు, ఇంకొకరు చిన్నది చేయమంటారు, మూడోవారు ఫోన్లో ఏదో వీడియో పెట్టుకుని గట్టిగా నవ్వుకుంటారు. మా ఓనరుగారు స్పీకరు పెట్టకుండా ఫోను మాట్లాడగా నేనెప్పుడూ చూడలేదు. ఈ గోలలో కూర్చుని ఊళ్ళోవాళ్ళ ఇంటిపేర్లన్నీ తప్పు లేకుండా కొట్టాలి.

ఈ మాఘంలో ఆ గోలలోనే ఒక మేనమామను మింగేశాను. ఆహ్వానించేవారి జాబితాలో పెళ్ళికూతురి మేనమామ పేరు ఎగిరిపోయింది. వాళ్ళు ప్రూఫు చూసి సంతకం పెట్టినా ఎవరి కంటా పడలేదు. ఆయన కంట మాత్రం పడింది. శుభలేఖ అందుకుని, పేరు వెతుక్కుని, దొరక్క, పెళ్ళికి రావడం మానేశాడు. మేనకోడల్ని బుట్టలో మోసుకురావలసిన మనిషి లేకుండానే ఆ పెళ్ళి జరిగింది. పెళ్ళయ్యాక వాళ్ళు వచ్చి ప్రెస్సు ముందు నిలబడి అన్న మాటలు ఇక్కడ రాయలేను. ఓనరుగారు మాత్రం అరవలేదు. వాళ్ళు వెళ్ళాక నా దగ్గరకొచ్చి, "అమ్మా, ఇంకొక్క తప్పు దొర్లిందంటే నేను వేరే ఆపరేటర్ని చూసుకోవాలి. తర్వాత నన్ను అనుకోవద్దు" అన్నారు.

నేను ఇరవై ఎనిమిదేళ్ళుగా అక్షరాల మధ్య బతుకుతున్నదాన్ని. ఉద్యోగం పోతుందన్న భయం కంటే, నా పనికి వంక పెట్టించుకున్నానన్న అవమానమే నన్ను ఎక్కువ కాల్చింది. తప్పు నాది కాదు, ఈ గోలది అని ఇంటికి వెళ్ళేదాకా తిట్టుకుంటూనే ఉన్నాను.

నిజం చెప్పాలంటే, నేను పని నేర్చుకున్న బాపట్ల ప్రెస్సులో ఇంతకన్నా ఎక్కువ గోల ఉండేది. ట్రెడిల్ మిషను తొక్కుతుంటే నేల అదిరేది. ఆ హాలంతా ఇంకు వాసన, టైపులు కడిగే కిరసనాయిలు వాసన. కొత్తలో నాకు ప్రూఫు చూసే పని ఇచ్చారు. అది ఒక్కరు చేసే పని కాదు. పెళ్ళివారు రాసిచ్చిన మేటరు ఒకరు పైకి చదివితే, ఇంకొకరు ప్రూఫు మీద వేలు పెట్టుకుని సరిచూసుకోవాలి. చదివే ఆవిడను నేను అక్కా అనేదాన్ని. పెద్ద గొంతేం కాదు కానీ, మిషను మోతలో కూడా ప్రతి అక్షరం నా చెవికి అందేది.

అక్క పెళ్ళివారిని బెంచీ మీద కూర్చోబెట్టి వాళ్ళ ఎదుటే చదివేది. పెద్దవాళ్ళ పేరు వచ్చినప్పుడల్లా చదవడం ఆపి తలెత్తేది. "ఉన్నారాండి?" అని అడిగేది. "ఉన్నారమ్మా, నిక్షేపంలా ఉన్నారు, కాఫీకి వెళ్ళారు" అని ఎవరో అనేవారు. అందరూ నవ్వేవాళ్ళు. ఒక్కోసారి బెంచీ మీదవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకునేవాళ్ళు. అక్క తొందరపెట్టేది కాదు. కాసేపటికి ఏ కోడలో "పోయిన కార్తీకంలో పోయారండి" అనేది. అప్పుడు అక్క నా వైపు తిరిగి, "కీర్తిశేషులు పెట్టమ్మా" అని మెల్లగా చెప్పేది. ఆ మాట నేను ఎర్రసిరాతో రాస్తుంటే, ఆ ఇంటివాళ్ళు ఆ మనిషి గురించి ఏదో ఒకటి చెప్పేవాళ్ళు. ఆయనకు పూర్ణాలంటే ఎంత ఇష్టమో, ఎవరి పెళ్ళిలో ఎవరితో పోట్లాడాడో. మధ్యాహ్నం అక్క డబ్బాలోంచి గోంగూర నా అన్నంలో వేస్తూ మళ్ళీ ఆ కథలే చెప్పుకునేవాళ్ళం. ఆ ప్రెస్సు ఇప్పుడు లేదు. అక్క ఎక్కడ ఉందో నాకు తెలియదు. ఆ బెంచీ పక్కన ఇంకొక్క రోజు కూర్చోవాలని నాకు చాలాసార్లు అనిపిస్తుంది.

ఇప్పుడు చదివి వినిపించే తీరిక ఎవరికుంది? చాలామంది మేటరు ఫోన్లో వస్తుంది, ప్రూఫు ఫోన్లో వెళుతుంది. ఎవరైనా ఎదురుగా వచ్చి కూర్చుంటే మాత్రం పెద్దల పేర్ల దగ్గర "ఉన్నారాండి" అని అడిగే అలవాటు నాకు మిగిలింది.

గోలకు మందుగా మొదట దూది పెట్టుకున్నాను. దేవుడి వత్తులకు తెచ్చిన దూది. మిషను మోత ఏమీ తగ్గలేదు, పైగా చెవి దురద పెట్టింది. తర్వాత స్టేషను రోడ్డులో సెల్‌ఫోన్ల షాపుకు వెళ్ళాను. షాపాయన చెవిలో దూర్చుకునే బుల్లి బుడిపెలు ఇచ్చాడు. నా చెవికి అవి నిలవలేదు, తల తిప్పితే చాలు రాలి పడ్డాయి. అప్పుడు చెవి మొత్తం కప్పేసే పెద్దవి తీశాడు.

"ఇవి చప్పుడంతా ఆపేస్తాయండి."

"నీ షాపులో చప్పుడే లేదు. ఆపిందో లేదో నాకెలా తెలుస్తుంది?" అన్నాను.

పాపం, టీవీ పెద్దది చేశాడు, ఫ్యాను ఐదులో పెట్టాడు, తను కూడా గట్టిగా ఏదో మాట్లాడాడు. చప్పుడు తగ్గిన మాట నిజమే. కానీ ఆ గిన్నెలు నా కమ్మల్ని చెవికేసి నొక్కాయి. పది నిమిషాల్లో ప్రాణం పోయినంత పనైంది.

"కమ్మలు తీసేస్తే సూపరుగా ఉంటుందండి" అన్నాడు.

"బోసి చెవులతో పెళ్ళివారి ముందు కూర్చోమంటావా నాయనా?" అని కోపంగా వచ్చేశాను.

ఆదివారం రేపల్లె వెళ్ళాను. మా సొంత అక్క కూతురు అక్కడ ఇంట్లోంచే ఏదో హైదరాబాదు కంపెనీకి పని చేస్తుంది. ఒకవైపు మిక్సీ, ఇంకోవైపు సీరియలు, మధ్యలో ఈ పిల్ల తల మీద నల్లటి గిన్నెలు తగిలించుకుని ప్రశాంతంగా కూర్చుని ఉంది. అడగ్గానే తీసి నా తలకు పెట్టింది. మెత్తగా ఉన్నాయి. ఎదురుగా మా అక్క నోరు కదులుతోంది, మాట మాత్రం రావడం లేదు. పుట్టి బుద్ధెరిగాక మా అక్క నోరు మూయించిన వస్తువు అదొక్కటే.

"పిన్నీ, నా పాతవి నువ్వు తీసుకో. ఈ బటన్ నొక్కితే మోత ఆగిపోయి, మనుషుల మాటలు మాత్రం వినిపిస్తాయి" అంది.

"ఆ మాటలు పడలేకేగా ఇంత దూరం వచ్చింది. ఆ బటన్ జోలికి నేను పోను" అన్నాను.

తిరుగు ప్రయాణంలో పాసింజరు రైల్లో పెట్టుకునే కూర్చున్నాను. పల్లీలు అమ్మే ఆయన నోరు తెరవడం, మూయడం కనిపిస్తోంది. తెనాలి వచ్చేదాకా నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

మర్నాటి నుంచి ప్రెస్సుకు రాగానే కమ్మలు తీసి పెన్నుల డబ్బాలో వేసి, హెడ్‌ఫోన్లు తగిలించుకునేదాన్ని. బోసి చెవులు ఎలాగూ వాటికిందే ఉంటాయి కదా అని సర్దిచెప్పుకున్నాను. ఎవరైనా వచ్చి మాట్లాడితే నవ్వి తల ఊపేదాన్ని. రాసిచ్చింది రాసిచ్చినట్టు కొట్టడం, ప్రింటు తీసి సంతకం పెట్టించుకోవడం, అంతే. "ఉన్నారాండి" అని అడిగే పని కూడా పోయింది. మేటర్లో కీర్తిశేషులు అని ఉంటే పోయినట్టు, లేకపోతే ఉన్నట్టు. ఒక్క తప్పూ రాలేదు. ఓనరుగారు రెండుసార్లు నా వైపు చూసి బొటనవేలు ఎత్తి చూపించారు.

ఆ రోజుల్లోనే నిజాంపట్నం దగ్గరి పల్లె నుంచి ఒక పెళ్ళికొడుకు తన నాయనమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. అతను నాకు మేటరు ఇచ్చి, కార్డు మోడల్ చూడడానికి లోపలికి వెళ్ళాడు. పెద్దావిడ నా పక్కన స్టూలు మీద కూర్చుంది. చేతినిండా గాజులు, ముఖాన పెద్ద బొట్టు. నేను కొడుతున్నంతసేపూ ఆవిడ ఏదో చెబుతూనే ఉంది. ఒకసారి తెర మీద వేలు పెట్టి చూపించింది కూడా. పేర్ల వరస మధ్యలో ఆగితే నాకు లెక్క తప్పుతుంది. నవ్వి తల ఊపాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. మళ్ళీ ఊపాను. ముఖం విప్పారింది ఆవిడకి. మంచి మనిషి, అనుకున్నాను. మనవడు వచ్చి ప్రూఫు మీద సంతకం పెట్టాడు.

వారానికి కార్డులు తీసుకోవడానికి ఇద్దరూ వచ్చారు. ఆ రోజు కరెంటు పోయి మిషన్లు ఆగాయి కాబట్టి నా తల మీద ఏమీ లేదు. పెద్దావిడ పైకార్డు ఒకటి తీసి నా చేతికిచ్చి, "నాకు చదువు రాదమ్మా, ఒకసారి చదువు" అంది. ఒకప్పటి ప్రెస్సు అక్కలా శుభలేఖ పైకి చదివే పని ఇన్నేళ్ళకు నాకు పడింది. సంతోషంగా మొదలుపెట్టాను. "కీర్తిశేషులు" అని పెళ్ళికొడుకు తాతగారి పేరు అందుకోగానే ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆ మాట తీసేయమని చెప్పాను గదమ్మా. సరేనన్నావు."

నేను మనవడి వైపు చూశాను. మనవడే అందుకున్నాడు. "మా తాత సముద్రం మీద వేటకెళ్ళి తొమ్మిదేళ్ళైందండి. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. ఈవిడ ఒప్పుకోదు. మీ తప్పేం లేదు, మేం రాసిందే కొట్టారు."

"అవునమ్మా, మేటర్లో ఉన్నట్టే కొట్టాను" అన్నాను. అన్నాక ఆ మాటకు నాకే ఒళ్ళు మండింది. మళ్ళీ వేయిద్దాం, ఓనరుగారితో నేను మాట్లాడతాను అన్నాను.

"వద్దులేమ్మా. వీళ్ళంతా ఆ మాట ఉండాల్సిందే అన్నారు" అంటూ ఆవిడ కార్డు నా చేతిలోంచి తీసుకుని చీరకొంగుతో తుడిచింది. "ఇంట్లో అందర్నీ అడిగాను. పంతులుగార్ని అడిగాను. ఆయన ఉన్నాడంటే ఒక్కళ్ళూ ఊఁ అన్లేదు. నువ్వొక్కదానివే తలూపావు. అందుకని ఈ వారం రోజులు కంటినిండా నిద్రపోయాను."

నేను దేనికి తల ఊపానో అప్పుడు విన్నాను.