కంకర లేని ప్రేమకథలు

టీచరమ్మ ఇంట్లో ఆ పుస్తకం బియ్యం డబ్బాలో ఉండేది. పాత తువాలలో చుట్టి, అడుగుకు దోపి, పైన బియ్యం పోసి పెట్టేది. ఒక పొద్దున గిద్దెతో బియ్యం తీస్తుంటే నా చేతికి ఏదో గట్టిగా తగిలింది.

"ఇదేందమ్మా, బియ్యంల బుక్కు పెట్టినవ్?" అని అడిగాను.

ఆమె ముఖం ఎర్రబడింది. యాభై దాటిన మనిషి, భర్త పోయి చాలా ఏళ్లయింది, ఆదివారం తప్పకుండా చర్చికి పోతుంది. "చర్చి వాళ్లు వస్తూ పోతూ ఉంటారు కదమ్మా. బడి పిల్లల తల్లిదండ్రులూ వస్తారు. ప్రేమకథల పుస్తకం బల్ల మీద కనపడితే ఏం బావుంటుంది చెప్పు?" అంది.

వేసవికాలంలో జరిగే ప్రేమకథలు, చాలామంది రచయితలు రాసినవి, ఒకచోట చేర్చి అచ్చువేసిన పుస్తకం అది. అట్ట ఊడిపోయింది. ఆ పుస్తకం లేకుంటే, దాన్ని నా చేతికిచ్చిన ఆమె లేకుంటే, ఆ ఏడు జూన్ నెలలోనే మా ఆయన కొలువు పోయేది. మేము మూట కట్టుకుని పాలమూరు బస్సెక్కేవాళ్లం.

తొంభైల చివరి ఏళ్లవి. హైటెక్ సిటీ అనే మాట అప్పుడప్పుడే అందరి నోళ్లలో నానుతోంది. మాదాపూర్ దిక్కు ఎటు చూసినా బండలు పేల్చడం, దుమ్ము, నీళ్ల ట్యాంకర్ల కోసం బిందెల వరుసలు. మా ఆయన అక్కడ కడుతున్న ఒక పెద్ద బిల్డింగు గేటు దగ్గర వాచ్‌మన్. పిల్లలిద్దరూ ఊర్లో మా అత్త దగ్గర ఉండి చదువుకునేవాళ్లు. మేమిద్దరం సైటు పక్కన రేకుల షెడ్డులో ఉండేవాళ్లం. నేను పొద్దున కొత్తగూడ నడిచిపోయి టీచరమ్మ ఇంట్లో వంట చేసి, బోళ్లు తోమి, మధ్యాహ్నానికి మా ఆయనకు అన్నం తీసుకుపోయేదాన్ని.

టీచరమ్మది గుంటూరు వైపు. మదీనాగూడలో ఒక బడిలో చెప్పేది. నేను పనిలో చేరిన చలికాలంలోనే ఆమె నాకు ఒకటో తరగతి వాచకం ఇచ్చింది. అప్పటికి నాకు నలభైకి దగ్గర. అక్షరాలు ఒక్కొక్కటిగా వచ్చాయి కానీ, వాటిని కలిపి మాట చేసే లోపల మొదటిది మరిచిపోయేదాన్ని. ఆవు, ఇల్లు, ఈగ. నాకు ఆవు తెలియదా, ఈగ తెలియదా? వాటి గురించి చదివి తెలుసుకునేదేముంది అనిపించి నిద్ర వచ్చేది.

ఎండాకాలం సెలవులు వచ్చాక ఆమె పగటిపూట ఇంట్లోనే ఉండేది. ఒకరోజు నేను గది తుడుస్తుంటే, కుర్చీలో కూర్చుని ఆ పుస్తకం చదువుతూ తనలో తాను నవ్వుతోంది.

"ఏమున్నదమ్మా అండ్ల, గంత నవ్వు?"

ఆమె అటూ ఇటూ చూసి, తలుపు దగ్గరకు వేసి, చదివి వినిపించింది. ఒక పిల్ల సెలవులకు మేనత్త ఊరికి పోతుంది. డాబా మీద గుమ్మడి వడియాలు ఎండబెడుతుంది. పక్క డాబా మీద పరీక్షలకు చదువుకునే పిల్లగాడు, తన చదువు విడిచిపెట్టి, ఆ వడియాల మీద కాకులు వాలకుండా కర్ర పట్టుకుని కూర్చుంటాడు. అంతవరకు చదివి టీచరమ్మ పుస్తకం మూసేసింది.

"మరి పరీక్ష ఏమైందమ్మా? పాసయిండా?"

"మిగతాది నువ్వే చదువుకో," అని పుస్తకం నా ఒళ్లో పెట్టింది.

ఎంత గడుసు మనిషో చూడండి. ఆ మిగిలిన రెండు పేజీలు చదవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. పొయ్యి మీద పప్పు పెట్టి ఒక వరుస, గిన్నెలు తోమి ఒక వరుస. పిల్లగాడు పరీక్ష తప్పాడు. వడియాలు మాత్రం ఒక్కటి కూడా పోలేదు. ఆ చివరి మాట నాకు నేనే చదువుకున్న నాడు వంటింట్లో నిలబడి గట్టిగా నవ్వాను. టీచరమ్మ బయటి గదిలో నుంచి, "తప్పాడా?" అని అరిచింది. "తప్పిండమ్మా!" అన్నాను. నా బతుకులో నేను చదివి ఇంకొకరికి చెప్పిన మొదటి సంగతి అది.

రెండో కథకు పోయేసరికి నాకు కోపం వచ్చింది. అందులో ఒక పిల్ల సముద్రం ఒడ్డున కెమెరా పట్టుకున్న ఒకాయనతో మాటలు కలిపింది.

"సిగ్గు లేదా అమ్మా దీనికి? ఆ పిల్లగాడు దీని కోసం పరీక్ష తప్పె. ఇదేమో వారం తిరగకముందే కెమెరా ఆయన ఎంబడి పడ్డది!"

టీచరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వింది. ఒక పుస్తకమంటే ఒకటే కథ అనుకున్నాను నేను. ఆమె ప్రతి కథ పైనా ఉన్న పేరు చూపించింది. "ఇది ఒకరు రాశారు, ఇది ఇంకొకరు. ఈ పిల్ల వేరు, ఆ పిల్ల వేరు. ఒకరి రాత ఇంకొకరిలా ఉండదమ్మా. చదవగా చదవగా నీకే తెలుస్తుంది," అంది.

నిజంగానే తెలిసింది. ఒకాయన ఊపిరి తీసుకోనివ్వకుండా రాస్తాడు. పేజీ అంతా నల్లగా ఉండి, ఎక్కడ ఆగాలో తెలియదు. ఇంకొకామె కథలో అన్నీ మాటలే. "వస్తావా?" "రాను." "ఎందుకు?" పేజీ తెల్లగా, ఖాళీగా కనబడుతుంది. కథ పేరు చూసి కాదు, ఏ కథ పేజీ ఎక్కువ తెల్లగా ఉంటే ఆ కథ ముందు చదివేదాన్ని. తెల్లటి పేజీలు రాసిన ఆమె ఎవరో, ఎక్కడుందో కానీ, ముక్తసరిగా మాట్లాడుకునే మనుషుల మీద ఆమె రాసిన ఆ కథ నా చేయి పట్టుకుని నడిపించింది. ఆమెకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

చదువు కొత్తగా వచ్చినవాళ్లకు కళ్లు ఊరుకోవు. సిమెంటు బస్తాల మీద, లారీల వెనక, గోడల మీద, ఎక్కడ ఏది కనబడినా కూడబలుక్కుంటూ నడిచేదాన్ని. మే నెలలో ఒక మధ్యాహ్నం గేటు దగ్గరికి అన్నం తీసుకుపోయాను. ఒంటిగంట నుంచి మూడు దాకా లారీలు రావు. మా ఆయన చేతులు కడుక్కోవడానికి పోయాడు. గేటు రూములో బల్ల మీద రిజిస్టరు తెరిచి ఉంది. బండి నంబరు, సరుకు, వచ్చిన టైము, పోయిన టైము. నా కళ్లు దాని మీద పడ్డాయి.

ఒక వరుస వంకరగా పక్కకు వాలి ఉంది. దాని కింద వరుస చీమలు పాకినట్టు సన్నగా. ఇంకోటి పెద్ద పెద్ద అక్షరాలు. ఒకటి ఇంగ్లీషులో. పేజీ కింద సంతకం మాత్రం మా ఆయనది.

ఇదీ చాలామంది రాసిన పుస్తకమే అని నాకు ఆ క్షణంలో తెలిసిపోయింది. లారీ డ్రైవర్లే ఎవరి బండి సంగతి వాళ్లు రాసుకుంటున్నారు. ఈయన కింద సంతకం పెడుతున్నాడు.

పెళ్లయి ఇరవై ఏళ్లు. మా ఆయనకు చదువు వచ్చనే నేను అనుకున్నాను. పొద్దున పేపరు పట్టుకుని కూర్చునేవాడు. ఊరి నుంచి ఉత్తరం వస్తే, "కండ్లు మండుతున్నయి," అని హోటల్లో ఎవరితోనో చదివించుకుని వచ్చి నాకు చెప్పేవాడు. నా దగ్గర కూడా దాచుకోవాల్సి వచ్చిందే అని బాధ అయింది కానీ, కోపం రాలేదు.

నేను ఏమీ అడగలేదు. ఆ వారంలోనే గార్డులను పెట్టే కంపెనీ సూపర్‌వైజరు వచ్చి అందరి ముందు చెప్పిపోయాడు. సగం లోడుతో వచ్చిన బండి నిండు లోడని రాసుకుని పోతోందట. జూన్ ఒకటి నుంచి గార్డు తన చేత్తోనే రాయాలి. రాయడం రానివాడు ఇంటికి పోవచ్చు.

ఆ రోజు మా ఆయన అన్నం సగం విడిచిపెట్టాడు.

"ఏమైంది?"

"ఏం గాలె. ఎండకు తిన బుద్ధయితలేదు."

మూడు వారాలు కూడా లేదు. నేను నేర్పిస్తా అంటే ఆయన ప్రాణం పోయినా ఒప్పుకోడు. రాత్రంతా ఆలోచించి, మరుసటి రోజు టీచరమ్మను పుస్తకం అడిగి, అన్నం డబ్బాతో పాటు పట్టుకుపోయాను.

"ఏమయ్యా, నేను చదువుత. తప్పులుంటె జర చెప్పు," అన్నాను.

"ఊ, చదువు," అని కళ్లు మూసుకుని గోడకు ఆనుకున్నాడు.

వడియాల కథ చదివాను. నిద్రపోయాడనుకున్నాను. పిల్లగాడు పరీక్ష తప్పాడని చదవగానే, "తప్పడా మరి? పొద్దంత కాకులు గొడ్తె!" అన్నాడు. మరుసటి రోజు నేను అన్నం డబ్బా మూత తీయకముందే, "బుక్కు తెచ్చినవా?" అని అడిగాడు. నాలుగో రోజు, "నాకు సక్కగ ఇనవడుతలేదు, ఇటు వచ్చి కూసుంట," అని బల్లకు ఇటుపక్కకు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. కాసేపటికి మెల్లగా, "జర ఏలు పెట్టి చదువరాదే," అన్నాడు.

అంతే. రాదని ఆయన చెప్పలేదు, తెలుసని నేను అనలేదు. వేలు పెట్టి చదివాను.

అంకెలు ఆయనకు వచ్చు. లారీ నంబర్లకు భయం లేదు. కావలసింది సరుకుల పేర్లు. వాటిని ఆ ప్రేమకథల్లోనే వెతికాం. సముద్రం ఒడ్డు కథలో ఇద్దరూ ఇసుకలో కూర్చుంటారు. "ఇగో, ఇసుక!" అని మా ఆయన చిన్నపిల్లాడిలా ఎగిరాడు. ఇంకో కథలో ఆ ఇద్దరూ ప్రేమ చిట్టీలు దాచుకునే గోడలో ఇటుక దొరికింది. పార్కులో సిమెంటు బెంచీ దొరికింది. పిల్ల వాళ్ల నాన్న మూసిన గేటు ఇనుప గేటు. దొరికిన ప్రతి మాటనూ గోడమీద సుద్దముక్కతో రాసేవాడు, మూడు గంటలకు లారీలు వచ్చే ముందు తడిగుడ్డతో తుడిచేవాడు. కంకర మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

"అన్నిట్ల ఎక్కువ వచ్చేది కంకర లారీలే గదనే," అని తల పట్టుకున్నాడు.

"ప్రేమకథల్ల కంకర ఎందుకుంటదయ్యా?"

"మరి వీళ్లంత ఎట్ల గట్టిండ్రు ఇండ్లు?" అని ఆ రచయితల మీద గుస్సా అయ్యాడు.

మరుసటి పొద్దున టీచరమ్మను అడిగాను, కంకర అని రాసివ్వమని.

"నీకు కంకర ఎందుకమ్మా?"

"ఊరికెనే."

ఆమె నా ముఖం కాసేపు చూసింది. మా ఆయన ఎక్కడ పనిచేస్తాడో ఆమెకు తెలుసు. ఇంకేమీ అడగలేదు. ఒక తెల్లకాగితం తీసి పెద్ద అక్షరాలతో కంకర అని రాసింది. దాని కింద, నేను అడగకుండానే, పైపులు, వైరు, తలుపులు, సున్నం, రంగు డబ్బాలు, నీళ్ల ట్యాంకరు అని వరుసగా రాసింది. కాగితం మడిచి నా చేతిలో పెట్టి, "పుస్తకం సెలవులు అయిపోయాక ఇద్దువులే," అంది. ఆమె ఆ రోజు అడగకుండా ఊరుకున్నందుకు, అడగకుండా రాసిచ్చినందుకు, ఆమె ఇంట్లో నేను ఎన్నేళ్లు వంట చేసినా ఆ రుణం తీరదు.

జూన్ వచ్చింది. మొదటి రోజే సూపర్‌వైజరు వస్తాడనుకున్నాం. రాలేదు. అయిదో రోజో ఆరో రోజో, నేను అన్నం డబ్బాతో గేటు దగ్గరికి పోయేసరికి ఆయన స్కూటరు నిలబడి ఉంది. గేటు రూము పక్కన ఆగాను. ఒంటిగంట ముందు వచ్చే చివరి లారీ అప్పుడే గేటులోకి వచ్చింది. డ్రైవరు దిగి, అలవాటుగా పెన్ను కోసం చేయి చాచాడు.

"ఇటియ్యన్నా, రాసి పడేస్త."

"వద్దు. నీ బండి సంగతి నువ్వు చూస్కో. నేను రాస్త," అన్నాడు మా ఆయన.

వంగి రాయడం మొదలుపెట్టాడు. ముక్కు కాగితానికి తగిలేటంత వంగాడు. సూపర్‌వైజరు వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. డ్రైవరు ఒక కాలు మీద నుంచి ఇంకో కాలు మీదికి మారాడు.

"ఏందన్నా, పెండ్లి పత్రిక రాస్తున్నవా? లోపల మేస్త్రీ నన్ను తిడ్తడు!"

"తిట్టనీ. కంకర పాడైపోతదా?"

రాయడం అయింది. సూపర్‌వైజరు రిజిస్టరు తన వైపు తిప్పుకున్నాడు. ఆ వరుస చదివాడు. పేజీ వెనక్కి తిప్పాడు. ఇంకో పేజీ. అన్నీ ఒకటే చేతిరాత. వంకరలు, కొట్టివేతలు ఉన్నా, ఒకటే చేయి. అప్పుడే ఆయన ఒకచోట వేలు పెట్టి ఆగాడు.

"ఇదేంది? బండి నంబరు కాడ ఏదో పేరున్నది. సరుకు, అన్నం పప్పు అని ఉన్నది. టైము ఒంటిగంట. మళ్లా మొన్న కూడ ఉన్నది. అన్నం వంకాయ. ఈ పేరెవరిది?"

అది నా పేరు.

మా ఆయన నా వైపు చూడలేదు. అటెన్షన్‌లో నిలబడి, "గేటు దాటి వచ్చిన సరుకంత రాయమన్నరు గద సార్," అన్నాడు.

డ్రైవరు నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. సూపర్‌వైజరు నన్ను చూశాడు, నా చేతిలో డబ్బా చూశాడు, మళ్లీ రిజిస్టరు చూశాడు.

"రోజూ వస్తదా?"

"వస్తది సార్."

"అయితే రోజూ రాయి," అని సంతకం పెట్టి, స్కూటరు ఎక్కి పోయాడు.

ఆ మధ్యాహ్నం మా ఆయన నాలుగుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. నేను డబ్బా కడిగి, కొంగు సర్దుకుని బయలుదేరితే వెనక నుంచి పిలిచాడు.

"ఆగవే. పోయే టైము రాయాలె."

గోడ గడియారం చూసి, వంగి, మెల్లగా రాయడం మొదలుపెట్టాడు. ఆయన రాయడం అయ్యేదాకా నేను ఎండలో నిలబడ్డాను.