మెడ వెనక లేబుల్

పొద్దున చర్చికి బయల్దేరుతుంటే, మొయినాబాద్ బజార్లో కొన్న కొత్త ఫ్రాక్ వేసుకున్న మా పాప మెడ గోక్కుంటూ, "అమ్మా, లేబుల్ గుచ్చుకుంటున్నది" అంది.

మన చిన్నప్పుడు పండగ బట్టలకు లేబుల్ కోయనిచ్చేవాళ్ళా, చెప్పండి? కోస్తే కొత్తదనం పోయినట్టే. నా చిన్నప్పటి ఒక క్రిస్మస్‌కు మా ముడిమ్యాల చర్చిలో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుండగా, అవ్వ ట్రంకుపెట్టెలోంచి తీసి నాకు తొడిగిన ఫ్రాక్ మెడ వెనక గరగరలాడింది.

"అవ్వా, గుచ్చుకుంటున్నది."

"లేబులే బిడ్డా, జర ఊకో" అంది అవ్వ, కళ్ళు తెరవకుండానే.

ఊరుకున్నాను. ఆమెన్ అనేలోపే ఆ లేబుల్ మెల్లగా వీపు మీదికి నడిచింది. జెర్రి.

అందుకే ఇవాళ పాపతో "లేబులే" అనలేకపోయాను. మెదలొద్దని చెప్పి అడిగాను.

"కదులుతున్నదా బిడ్డా?"