మౌలాలీ టీ పరీక్ష

నరసరావుపేట బస్టాండు టీకొట్టే మౌలాలీ ఆఫీసు. పత్తి జిన్నింగు మిల్లులకు గుమస్తాలను, మేనేజర్లను వెతికిపెట్టడం ఆయన పని. వచ్చినవాడికి పొగలుగక్కే టీ ఇప్పించి చూస్తాడు. తొందరపడి నోరు కాల్చుకుంటే పనికిరాడు. ఊదుకుంటూ తాగాడా, మేనేజరే! మౌలాలీ ఇంట్లో సంబంధం కుదిరినంతగా మురిసిపోయి, మెడలోని ఎర్ర రుమాలు గాల్లో గిర్రున తిప్పుతాడు. ఆ హుషారుకు ముచ్చటపడి మిల్లు ఓనరు పున్నారావు, "వాళ్లూ వీళ్లూ ఏందయ్యా, నువ్వే మేనేజరుగా వచ్చెయ్" అన్నాడు. "ఇకనైనా ఒకచోట కూర్చో" అంటూ భార్య అబిదా కొత్త చొక్కా తొడిగి పంపింది. ఆ మధ్యాహ్నం పున్నారావు మిల్లుకు వచ్చేసరికి మేనేజరు కుర్చీలో ఎవరో కొత్తాయన నింపాదిగా టీ ఊదుకుంటున్నాడు.

"మౌలాలీ ఏడయ్యా?"

కిటికీ అవతల ఎర్ర రుమాలు గిర్రున తిరిగింది.

"చానా మంచోడు దొరికాడు పున్నారావుగారూ! నేనైతే పొద్దున్నే నోరు కాల్చుకున్నా!"