అరువు గొలుసు ఫోటో

నిరుడు ఆ ఫోటో తీసిన రోజు దొడ్డమ్మ కాలు ఒకచోట నిలవలేదు. ఫోటో ఆమెది కాదు, మనుమరాలు భూమికది. హోసూరులో ఎవరో ఉద్యోగస్తురాలు ఒక ట్రస్టు ద్వారా ఆ పిల్లను కృష్ణగిరి హాస్టల్లో ఉంచి చదివిస్తోంది. ఏడాదికొకసారి పిల్ల ఫోటో ఆమెకు పోవాలి.

ముక్కూ మొహం తెలియని వాళ్ళింటికి పోయే ఫోటోలో తన పిల్ల దిక్కులేనిదానిలా కనబడటం దొడ్డమ్మకు గిట్టలేదు. పక్కింట్లో పట్టు పావడా అడిగి తెచ్చింది. ఊళ్ళో పెద్ద రైతు శ్రీరామప్ప భార్య అలివేలమ్మను బతిమాలి బంగారు గొలుసు తెచ్చింది. అదీ చాలక, తాను మేపే శ్రీరామప్ప మందనంతా తోలుకొచ్చి పిల్ల వెనకాల నిలబెట్టింది. ఫోటో తీసిన ట్రస్టు మనిషి శశికుమార్ నవ్వి ఊరుకున్నాడు. పొద్దుగూకేలోపు గొలుసు, పావడా, గొర్రెలు ఎవరివి వాళ్ళకు చేరిపోయాయి. ఫోటో మాత్రం హోసూరు చేరింది.

భూమిక హాస్టలు నుంచి ఇంటికొచ్చి ఉన్న ఈ ఆదివారం, శశికుమార్ నవ్వడంలేదు. బండి దిగీ దిగకముందే మొదలుపెట్టాడు.

"అవ్వా, కొంప మునిగింది. మేడమ్ ఇన్నాళ్ళకు ఆ ఫోటో సరిగ్గా చూసి, ఇంత మంద, ఇంత బంగారం ఉన్నోళ్ళకు నేనెందుకు చదివించాలంటా ఉంది. ఇప్పుడే కార్లో వస్తా ఉంది, కళ్ళారా చూసి ఆపేసేదానికి."

దొడ్డమ్మ కొంగు సర్దుకుంది. "రానీ" అంది.

"రానీ అంటే కాదు. పాపకు ఏదన్నా చినిగింది వెయ్యి. ఆ కూలిన గోడ కాడ కూచోబెట్టు. నువ్వు కూడా కొంచెం ఏడువు."

"నీ పెండ్లాన్ని కూచోబెట్టప్పా గోడ కాడ! నా బిడ్డను బిచ్చానికి కూచోబెట్టమంటావా?"

"అట్లయితే హాస్టలు ఖాళీ చేయించుకో. నాకేం?"

ఆ మాటతో దొడ్డమ్మ అరుపు ఆపి, లోపలికి పోయి చెంబులో మజ్జిగ పోసింది. ఊహ తెలిసినప్పటి నుంచి ఆమెది గొర్రెల వెనక నడక. చిన్నప్పుడు తండ్రి మందతో ఊత్తంగరై దాకా పోయేది. ఎరువు కోసం రైతులు చేలల్లో మంద కట్టించుకుని గింజలు కొలిచేవాళ్ళు. ఇవాళ ఈ చేను, రేపు ఇంకొకటి. దారిలో ఎన్ని చదువుల బళ్ళు కనబడినా ఆగే వీల్లేదు. కొడుకు జూజువాడిలో లారీ కింద పడి చనిపోయాడు. కోడలు ఆదివారం కూడా తెల్లారకముందే కంపెనీ వ్యానెక్కి సూళగిరి పనికి పోతుంది. ఊరి బడి ఎనిమిదో తరగతితో సరి. హాస్టలు లేకపోతే భూమిక కూడా ఆ వ్యానే ఎక్కాలి. వయసు చాలకపోయినా ఎక్కించుకునే మేస్త్రీకి కొదవలేదు.

కారు వచ్చి ఆగింది. దిగినామె పేరు మంజుశ్రీ. వయసులో చిన్నదే. నిద్రలేని కళ్ళు. వెనక సీట్లో ఏడాదిన్నర బిడ్డ నిద్రపోతున్నాడు. కారు అద్దం కొంచెం దించి, రెండుసార్లు లోపలికి చూసుకుని గాని ఇటు తిరగలేదు. దొడ్డమ్మ ఇచ్చిన మజ్జిగ చెంబు అందుకోలేదు.

"మీరేనా అవ్వ? ఆ గొర్రెలెక్కడ?"

"మావి రెండే అమ్మా. తక్కినవి మేపేదానికి ఇచ్చినవి."

"బంగారం కూడా మేపేదానికి ఇచ్చారా?"

శశికుమార్ తల దించుకున్నాడు. అప్పటికే కారు చూసి వచ్చి గోడ అవతల అలివేలమ్మ హాజరు.

"అమ్మా, నన్నడుగు! ఆ గొలుసు నాది. మంద మాది. గొర్రెల చెవులు చూసుకో, అన్నిటికీ మా గుర్తు కత్తిరింపే. దీని మొహానికి బంగారమా? కాళ్ళు పట్టుకుంటే పోనీలే పాపమని ఇచ్చినాను!"

అలివేలమ్మ అన్నది అబద్ధం కాదు. ఆ సాక్ష్యంతోనే పిల్ల చదువు నిలబడాలి. దొడ్డమ్మ పళ్ళు బిగబట్టి, "అవునమ్మా, అంతా ఆమెదే" అంది.

మంజుశ్రీ కోపం తగ్గలేదు. ఇంకా పెరిగింది. "అంటే కావాలనే నాటకమాడారు! మా బాబు నెలలు నిండకుండా పుట్టి ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉన్నప్పుడు, ఇంకో బిడ్డకు మంచి చేస్తే వీడు బతుకుతాడేమోనని మొదలుపెట్టాను. అలాంటివేవీ నమ్మేదాన్ని కాదు నేను. అయినా చేశాను. అలాంటి దాంట్లో నన్ను మోసం చేస్తారా?"

అంతలో ఆమె చేతిలో ఫోను మోగింది. తెర మీద ఆ బిడ్డే. నెత్తిన కిరీటం, నెమలి ఈక, మెడనిండా ముత్యాలు, చేతిలో పిల్లనగ్రోవి. ఆమె ఫోను నొక్కేసింది గాని దొడ్డమ్మ చూడనే చూసింది.

"ఎవరమ్మా ఆ రాజు?"

"మా బాబు. కృష్ణాష్టమికి తీశాం."

"కిరీటం మీ ఇంటిదేనా?"

మంజుశ్రీ ఫోను సంచిలో వేసుకుంది. "అద్దెకు తెచ్చాం."

"అద్దె కిరీటం పెట్టి నీ బిడ్డను ఊరికంతా చూపించుకున్నావు. నేను అరువు గొలుసు వేసి నా బిడ్డను నీ ఒక్కదానికి చూపించినాను. నువ్వు చేస్తే ముచ్చట, నేను చేస్తే మోసమా?"

"అది వేరు!"

"ఏం వేరు? చెప్పు."

మంజుశ్రీ మొహం ఎర్రబడింది. బిడ్డ కదిలితే కారు వైపు చూసింది. తర్వాత దొడ్డమ్మతో కాదు, శశికుమార్‌తో అంది. "ఆపడంలేదు. పిల్ల చదవనీ. కానీ ఫోటోలు మాత్రం నాకు పంపొద్దు."

"ఎందుకు పంపగూడదు?" దొడ్డమ్మ మళ్ళీ అందుకుంది. "నువ్వు చదివించే బిడ్డ ఎట్లుందో నువ్వు చూడొద్దా? ఏ భూమికా, రా ఇట్లా!"

భూమిక వాకిట్లోకి వచ్చింది. ఒంటి మీద హాస్టలు యూనిఫాం, చంకలో సైన్సు పుస్తకం. శశికుమార్ చూపు అలవాటుగా కూలిన గోడ వైపు పోయింది. దొడ్డమ్మ ఉరిమి చూసింది. అతను గడప ముందే ఫోటో తీశాడు. పిల్ల నవ్వలేదు. మంజుశ్రీ ఆ పుస్తకాన్నీ, పిల్లనూ కాసేపు చూసింది. తర్వాత కారెక్కింది.

కారు మలుపు తిరిగాక దొడ్డమ్మ గడప మీద కూలబడింది. 

"అవ్వా, అంత అరిచినావే, ఆపేసుంటే?" అంది భూమిక.

దొడ్డమ్మ పొద్దు వైపు చూసింది. "బస్సుకు టైమైంది, సంచి సర్దుకో పో" అంది.

గోడ అవతల అలివేలమ్మ ఇంకా కదలలేదు. "ఏమే దొడ్డమ్మా, ఈసారి ఫోటోకు గొలుసు అడగలేదే?"

"నీ మెడలోనే ఉండనీ" అంది దొడ్డమ్మ. మంజుశ్రీ ముట్టని మజ్జిగ చెంబెత్తి గుక్క తిప్పుకోకుండా తాగింది. ఈసారి ఎవరికీ ఏదీ తిరిగి ఇచ్చిరావలసిన పని లేదు.