కొండవాలులో కమ్మరి మేకులు

రేడియోలు బాగుచేసే ఆయనకు ఆ కొండ మీద అదే ఆఖరి ఆదివారం. నీళ్ల ట్యాంకు కడతారని మర్నాటి నుంచి ఆ వాలు చుట్టూ ప్రభుత్వం కంచె వేస్తోంది. పొద్దు వాలేలోపు ఏదో ఒకటి దొరక్కపోతే, ఎప్పుడో పోయిన వాళ్ల నాన్న జనం నోళ్లలో 'పిచ్చి కమ్మరి'గానే మిగిలిపోతాడు.

తరుముకొస్తున్న సిపాయిలకు చిక్కకుండా ఒక గజదొంగ తన బంగారాన్ని ఆ వాలులో పాతిపెట్టాడని కథ. కమ్మరి ఆ కథను నమ్మాడు. ఆదివారం వస్తే కొలిమి ఆర్పి, గునపం భుజాన వేసుకునేవాడు. సాయంత్రం ఎర్రమట్టి చేతులతో వచ్చి తొట్టి దగ్గర నింపాదిగా కడుక్కునేవాడు. ఆ మట్టినీళ్ల వాసన కొడుక్కి ఇప్పటికీ గుర్తే. దొరికిందా అని ఎవరైనా అడిగితే, "తవ్విన చోట లేదు" అనేవాడు, అంతే. కొండను తవ్వి ఎలుకను పట్టాడని జనం నవ్వితే, ఆ ఎలుకనైనా ఇంటికి తేలేదని కమ్మరి భార్య వాళ్లకంటే గట్టిగా నవ్వేది.

కొడుకు గునపాన్ని నమ్ముకోలేదు. పాత ట్రాన్సిస్టర్లు విప్పి, రాగితీగ చుట్టి, నేలలో లోహముంటే కూసే యంత్రం సొంతంగా తయారుచేసుకున్నాడు. తవ్వడానికి అనుమతి కాగితం కూడా తెచ్చుకున్నాడు. ఏది దొరికినా అప్పగించాలి, తీసిన గుంట ఆ రోజే పూడ్చాలి అని అందులో రాసి ఉంది. ఐదేళ్లలో యంత్రం చాలాసార్లు కూసింది. కూసిన ప్రతిచోటా మూరెడు లోతున వేలెడంత తుప్పుముద్ద. ఎవరి చెత్తో అనుకుని రేకు డబ్బాలో పడేసేవాడు.

ఆ రోజూ అదే దొరికింది. పక్కన కూర్చున్న కొండ కాపలాదారు ఊసుపోక దాన్ని రాతి మీద కొట్టాడు. తుప్పు పెచ్చులూడి మేకు బయటపడింది. దాని తల గుండ్రంగా లేదు. నాలుగు దెబ్బలకు నాలుగు పలకలు తేలి ఉంది.

ఆ నాలుగు దెబ్బల చప్పుడు వింటూ పెరిగినవాడు రేడియో ఆయన. నాలుగోది ఎప్పుడూ కాస్త మెత్తగా పడేది. వేలితో తడిమి చూశాడు. ఒక పలక మిగతా వాటికంటే సన్నంగా ఉంది.

"మా నాన్న చేసింది."

"చేస్తే చేశాడు. ఇక్కడెందుకు పాతాడు?"

ఆయనకు అప్పుడు తట్టింది. పైన గుర్తు పెడితే అప్పటి కాపలాదారులు ఊరుకునేవారు కాదు. అందుకే నాన్న గుంట అడుగున ఒక మేకు వేసి పూడ్చేవాడు. పొరపాటున మళ్లీ అక్కడే తవ్వితే, మేకు కనబడగానే ఆపేయొచ్చు.

"అయితే ఐదేళ్లూ మీ నాన్న తవ్విన గుంటల్నే తవ్వావన్నమాట" అన్నాడు కాపలాదారు. రాగితీగ చుట్టను తట్టి, "యంత్రం మాత్రం బాగా చేశావయ్యా" అన్నాడు.

రేడియో ఆయన వాలుకేసి చూశాడు. తను పూడ్చిన గుంటలన్నీ వానలకు కుంగి పళ్లేల్లా కనబడుతున్నాయి. నాన్నవి పొర వేసి, కూరి, మళ్లీ పొర వేసి పూడ్చినవి. ఈ నేల ఇదివరకే ఎవరో తవ్వారన్న అనుమానం ఈ ఐదేళ్లలో ఒక్కసారైనా రాలేదు. పిచ్చివాడు చేసే పని కాదది.

యంత్రం ఆపేసి పార అందుకున్నాడు. బండల దగ్గర ఇందాక కూసింది కదా, అక్కడ తవ్వవా అని కాపలాదారు గుర్తుచేశాడు.

"అక్కడా మేకే ఉంటుంది."

"బంగారమైతే?"

"ఇవన్నీ ఇలా వదిలేసి పోలేను."

పొద్దు వాలేదాకా తన గుంటలన్నీ ఒక్కొక్కటే తిరగదోడి, పొరలు పొరలుగా మట్టి కూరాడు. డబ్బా అప్పగించబోతే, మేకులు తెచ్చానంటే ఆఫీసులో తనను తరుముతారని కాపలాదారు దాన్ని తిరిగి ఆయన చేతిలోనే పెట్టాడు.

ఇంటికొచ్చి తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటుంటే భార్య అడిగింది.

"ఏమండీ, దొరికిందా?"

"తవ్విన చోట లేదు."

"అచ్చం మామయ్యగారే. పోనీ ఎలుకైనా?"

ఆయన డబ్బా ఆమె ముందు పెట్టి మూత తీశాడు.